కరాటే క్లాసులో అరికాళ్ళకి బొబ్బలు: రాకుండా ఏం చేయాలి, వచ్చాక ఎలా మాన్పుకోవాలి

కరాటే గానీ టైక్వాండో గానీ కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి ఎదుటివాడి దెబ్బకంటే ముందు తగిలేది అరికాలి బొబ్బే. బొటనవేలి కింద, దాని వెనక ఉబ్బెత్తుగా ఉండే భాగం మీద, ఒక్కోసారి రెండోవేలి మొదట్లో రూపాయి బిళ్ళంత నీటి పొక్కు లేస్తుంది, తర్వాతి క్లాసులో అది చిట్లి తోలు ఊడిపోతుంది, ఇక ఆ పచ్చి మీద అడుగేస్తే ప్రాణం జిల్లుమంటుంది. దీనికి ఉపాయం ఏంటా అని వెతికితే అన్నీ బూట్లు వేసుకుని పరిగెత్తేవాళ్ళకి రాసినవే దొరుకుతాయి, మంచి సాక్స్ కొనండి, షూ సైజు సరిచూసుకోండి, లోపల వాజెలీన్ రాయండి అని. మనకి బూటూ లేదు సాక్సూ లేదు, వాజెలీన్ రాసుకుని మ్యాట్ ఎక్కితే జారిపడి మోకాలు తిప్పుకోవడం ఖాయం. ఒట్టికాళ్ళతో చేసేవాళ్ళ బొబ్బ నేల మీద కాలు తిరిగే తీరుని బట్టి వస్తుంది, కాబట్టి జాగ్రత్త కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి. వచ్చాక గుర్తుంచుకోవాల్సింది మాత్రం ఒక్కటే, ఆ పైతోలుని పీకకూడదు. ఇవి రెండూ ఎలా అన్నదే కింద వివరంగా రాస్తున్నా.

ముందు బొబ్బ ఎలా పుడుతుందో తెలుసుకోండి

రుద్దుకుని రుద్దుకుని పైతోలు అరిగిపోతే బొబ్బ వస్తుందని చాలామంది అనుకుంటారు. అలా అరిగితే అది గీరుకుపోవడం. బొబ్బలో జరిగేది వేరే. మీరు కాలు తిప్పినప్పుడు చర్మం పైభాగం మ్యాట్‌ని పట్టుకుని ఆగిపోతుంది, లోపల ఎముక మాత్రం తిరుగుతుంది, ఈ రెండింటి మధ్య ఉన్న పొరలు ఒక పక్కకి సాగి మళ్ళీ వెనక్కి వస్తాయి. అలా వందలసార్లు సాగేసరికి పైచర్మం లోపలి పొరల్లో చీలిక వచ్చి ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. అంటే పైన తోలు బాగానే కనిపిస్తున్నా లోపల అప్పటికే తెగడం మొదలైపోయి ఉంటుంది, మంట అనిపించేది అప్పుడే.

చెమట సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బాగా పొడిగా ఉన్న చర్మం నేల మీద కాస్త జారుతుంది, నీళ్ళల్లో పూర్తిగా తడిసిన చర్మం కూడా జారుతుంది, ఈ రెండింటికీ మధ్య కొంచెం చెమటతో జిగురుగా ఉన్న చర్మమే నేలని గట్టిగా పట్టేస్తుంది. మన ఊళ్ళల్లో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఉండే ఉక్కపోతలో క్లాసు మొదలైన పావుగంటకే అరికాళ్ళు సరిగ్గా ఆ స్థితికి వచ్చేస్తాయి.

ఇంకో విషయం గమనించండి, కుడికాలితో ఎక్కువగా మవాషి గేరి (పక్క నుంచి తిప్పి కొట్టే తన్ను) కొట్టేవాళ్ళకి బొబ్బ వచ్చేది ఎడమకాలికి. తన్నే కాలు గాల్లో ఉంటుంది, ఒంటి బరువంతా మోస్తూ నేల మీద తిరిగేది ఆధారం కాలు. టైక్వాండోలో అదే తన్నుని డోల్యో చాగీ అంటారు, అందులోనూ ఇంతే. జపాన్ వెదురు కత్తి విద్య కెండోలో అయితే ఎడమకాలితో నేలని తోసి ముందుకి దూకుతారు, అందుకే వాళ్ళకి నున్నటి చెక్క నేల మీద కూడా ఎడమ అరికాలి ముందు భాగమే ఎక్కువగా ఊడుతుంది. మీ బొబ్బ ఏ కాలికి, ఎక్కడ వచ్చిందో చూస్తే ఏ టెక్నిక్ దగ్గర కాలు ఇరుక్కుంటోందో తెలిసిపోతుంది.

నేల చూసుకోండి

మన దగ్గర క్లాసులు ఎక్కడ జరుగుతాయో అందరికీ తెలిసిందే, అపార్ట్‌మెంట్ టెర్రస్, సెల్లార్, స్కూల్ గ్రౌండ్, ఖాళీగా ఉన్న ఫంక్షన్ హాల్. సిమెంట్ నేల గరుకుగా ఉంటుంది కాబట్టి తోలు గీరుకుపోతుంది కూడా, పైగా చిన్న చిన్న ఇసుక రేణువులు గుచ్చుకుని అక్కడి నుంచే మంట మొదలవుతుంది. క్లాసుకి ముందు చీపురుతో ఊడ్వడం అనేది మర్యాద కోసం మాత్రమే కాదు, కాళ్ళ కోసం. ముక్కలు ముక్కలుగా కలిపే ఈవీఏ ఫోమ్ మ్యాట్‌లు మెత్తగా ఉంటాయి గానీ కొత్తవి కాలిని విపరీతంగా పట్టేస్తాయి, సిమెంట్ మీద ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి కూడా కొత్త మ్యాట్ వేసిన వారంలో బొబ్బలు రావడం అందుకే. నేల మారితే మొదటి రెండు మూడు క్లాసులు తిరిగే తన్నులు సగానికి తగ్గించండి.

ఏప్రిల్, మే సమ్మర్ క్యాంపుల గురించి తల్లిదండ్రులకి ప్రత్యేకంగా చెప్పాలి. అప్పటిదాకా ఎప్పుడూ చెప్పుల్లేకుండా నడవని పిల్లలు ఒక్కసారిగా రోజూ గంటన్నర టెర్రస్ మీద గెంతుతారు, పైగా ఎండ ఎక్కిన స్లాబ్. ఎండకి కాలిన స్లాబ్ మీద వచ్చేది రాపిడి బొబ్బ కాదు, అది కాలిన గాయం, దాని చికిత్స వేరు. వెంటనే చల్లటి కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు పెట్టాలి, ఐస్ పెట్టకూడదు, బొబ్బని గుచ్చకూడదు, డాక్టర్‌కి చూపించాలి. స్లాబ్ మీద మీ అరచెయ్యి ఆనించి చూడండి, కొన్ని సెకన్లు కూడా ఉంచలేకపోతే పిల్లల్ని దాని మీద నిలబెట్టొద్దు, ఈ మాట మాస్టర్‌కి చెప్పడానికి మొహమాటపడొద్దు.

అరికాళ్ళని నెమ్మదిగా అలవాటు చేయండి

చర్మం గట్టిపడటానికి టైమ్ పడుతుంది, తొందరపెడితే గట్టిపడే బదులు చీలిపోతుంది. కొత్తవాళ్ళు మొదటి రెండు మూడు వారాలు వారానికి రెండు మూడు క్లాసులు, మధ్యలో ఒకరోజు గ్యాప్, తిరిగే టెక్నిక్స్ తక్కువ, ఇలా వెళ్ళడం మంచిది. ఇంట్లో చెప్పుల్లేకుండా తిరగడం కూడా కొంత ఉపయోగమే. సెలవుల తర్వాత తిరిగి వచ్చిన సీనియర్లు కూడా కొత్తవాళ్ళ కిందే లెక్క, మనసుకి పాత స్పీడ్ గుర్తుంటుంది గానీ అరికాలు ఈలోగా మెత్తబడిపోయి ఉంటుంది. గ్రేడింగ్ (బెల్ట్ పరీక్ష) దగ్గరికొచ్చాక ఆఖరి వారంలో రెట్టింపు ప్రాక్టీస్ చేసి, సరిగ్గా గ్రేడింగ్ రోజుకి బొబ్బలతో కుంటుతూ వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ పెంచేదేదో నెల ముందు నుంచి కొంచెం కొంచెంగా పెంచుకోవాలి.

ఇక కాయలు, అంటే రాపిడికి గట్టిపడిన తోలు. పలచగా, సమానంగా, సాగే గుణం ఉన్న కాయ మంచిదే, అది రక్షణ. మందంగా పెరిగి అంచులు లేచిన కాయ మాత్రం ప్రమాదం, ఆ అంచు మ్యాట్‌కి పట్టుకుని చీలుతుంది, లేదా కాయ కింద లోతుగా బొబ్బ పుడుతుంది, అలాంటి దాన్ని తీయడం చాలా కష్టం. వారానికి ఒకట్రెండుసార్లు స్నానం చేశాక కాళ్ళు రుద్దుకునే రాయితో అంచుల్ని మెల్లగా చదును చేయండి, పూర్తిగా తీసేయొద్దు. బ్లేడుతో కోయడం అస్సలు వద్దు. రాత్రి పడుకునేముందు కొబ్బరినూనె గానీ యూరియా ఉన్న ఫుట్ క్రీమ్ గానీ రాసుకుంటే పగుళ్ళు రావు. క్లాసు రోజు పొద్దున మాత్రం రాయొద్దు, జారుతుంది, టేప్ కూడా అంటుకోదు.

విపరీతంగా చెమట పట్టే కాళ్ళకి అల్యూమినియం క్లోరైడ్ లోషన్ అనేది ఒకటుంది. అమెరికాలో వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీ క్యాడెట్ల మీద దీన్ని పరీక్షించారు, 20 శాతం ద్రావణం వాడినవాళ్ళల్లో 21 శాతానికి బొబ్బలొస్తే మందు లేని ఉత్తి ద్రావణం రాసినవాళ్ళల్లో 48 శాతానికి వచ్చాయి. పనిచేసింది, కానీ దాన్ని వాడినవాళ్ళల్లో సగానికి పైగా చర్మం దురద, మంట పెట్టింది. అందుకే నేనైతే మొదట్లోనే దాని జోలికి వెళ్ళమని చెప్పను. క్లాసు మధ్యలో పొడి టవల్‌తో అరికాళ్ళు తుడుచుకోవడం, వేళ్ళ సందులు ఆరబెట్టుకోవడం ముందు చేయండి, అప్పటికీ చెమట తగ్గకపోతే స్కిన్ డాక్టర్‌ని అడిగి వాడండి. పౌడర్ వేళ్ళ సందుల్లో వేసుకోవచ్చు, అరికాలి మీద చల్లుకుని మ్యాట్ ఎక్కితే మీతో పాటు మీ పార్ట్‌నర్ కూడా జారతాడు.

తిరిగే తీరు సరిచేసుకోండి, అసలు కీలకం ఇదే

బొబ్బలు మళ్ళీ మళ్ళీ ఒకే చోట వస్తున్నాయంటే చాలావరకు పివట్ (ఆధారం కాలి మీద తిరగడం) దగ్గరే తేడా ఉన్నట్టు లెక్క. బరువంతా పాదం మొత్తం మీద వేసి, మడమ నేలకి ఆనించి, అప్పుడు తుంటిని తిప్పితే పాదం ఇరుక్కుని తోలు మెలిపడుతుంది. తోలు మాత్రమే కాదు, అదే మెలిక మోకాలికీ వెళ్తుంది.

ఇలా చేసి చూడండి. గోడ పట్టుకుని నిలబడండి. ఆధారం కాలి మడమని ఒక కాగితం దూరేంత మాత్రమే పైకి లేపండి, ఎక్కువ లేపితే బరువంతా చిన్న చోట పడి ఇంకా ఎక్కువ రాపిడి అవుతుంది. మోకాలు కొద్దిగా వంచి ఉంచండి. తన్నే కాలి మోకాలు పైకి లేస్తున్నప్పుడే, ఒళ్ళు కాస్త తేలికపడే ఆ క్షణంలోనే, ఆధారం కాలి మడమని టార్గెట్ వైపు తిప్పేయండి, ఆ తర్వాత తన్ను వదలండి. తన్ను తగిలాక, పూర్తి బరువు పడ్డాక తిప్పుతున్నారా అన్నది ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసుకుంటే స్పష్టంగా కనిపిస్తుంది. బాగా పట్టేసే మ్యాట్ మీద అయితే ఒకే ఊపులో మొత్తం తిరగకుండా, ముందే పాదాన్ని కొంచెం బయటికి తిప్పి అడుగేసి, మిగతాది తన్నుతో పాటు తిప్పితే తోలు మీద పడే మెలిక తగ్గుతుంది. వేళ్ళతో నేలని బిగించి పట్టుకునే అలవాటు ఉన్నవాళ్ళకి వేళ్ళ కింద బొబ్బలొస్తాయి, వేళ్ళు చాపి వదులుగా ఉంచడం నేర్చుకోవాలి.

ప్రాక్టీస్ కూడా ఒకే కాలితో వరసగా వంద తన్నులు కాకుండా పది పది చొప్పున కాళ్ళు మార్చుకుంటూ, మధ్యలో పంచ్‌లు, బ్లాక్‌లు పెట్టుకుంటే అదే వంద తన్నులు బొబ్బ లేకుండా అయిపోతాయి.

టేప్ వేయడం

ముందుగానే బొబ్బ వచ్చే చోటు తెలిసినవాళ్ళు టేప్ వేసుకోవడం మంచి పద్ధతి. 2016లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు రోజుల తరబడి సాగే 155 మైళ్ళ పరుగు పందెంలో 128 మంది మీద పరీక్షించి, మెడికల్ షాపులో దొరికే మామూలు పేపర్ టేప్ వేసిన చోట బొబ్బలు 40 శాతం తగ్గాయని చెప్పారు. అది బూట్లల్లో వేసిన టేప్ అని గుర్తుపెట్టుకోండి, ఒట్టికాళ్ళతో తిరిగేటప్పుడు ఉత్తి పేపర్ టేప్ పది నిమిషాలు కూడా ఉండదు. కాబట్టి కింద పేపర్ టేప్, దాని మీద డైనాప్లాస్ట్ లాంటి సాగే అంటుడు పట్టీ గానీ స్పోర్ట్స్ టేప్ గానీ వేయాలి.

కాళ్ళు సబ్బుతో కడిగి బాగా ఆరబెట్టండి. స్పిరిట్‌తో తుడిస్తే నూనె పోతుంది. టేప్ ముక్కల మూలలు కత్తెరతో గుండ్రంగా కత్తిరించండి, చదరపు మూల ముందు లేస్తుంది, అక్కడి నుంచి మొత్తం చుట్టుకుపోతుంది. బొటనవేలి వెనక ఉబ్బు మీద ఒక్క ముడత కూడా లేకుండా అంటించండి, ముడత ఉంటే ఆ ముడతే కొత్త బొబ్బ తెస్తుంది. తర్వాత సన్నటి పట్టీ ఒకటి బొటనవేలికీ రెండోవేలికీ మధ్య నుంచి తీసి అరికాలి మీద ముక్కకీ పైన పాదానికీ అంటించండి, ఇది లంగరు, దీనివల్లే తిరిగినప్పుడు టేప్ వెనక్కి జరగదు. ఆఖరున పాదం చుట్టూ ఒక చుట్టు, బిగించకుండా, నిలబడి బరువు వేసి ఉన్నప్పుడు వేసుకోవాలి, కూర్చుని వేస్తే నిలబడగానే బిగుసుకుని వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. చెమటకి టేప్ నిలవకపోతే టింక్చర్ బెంజాయిన్ (టేప్ అంటుకునేలా చేసే జిగురు మందు) పలచగా రాసి ఆరాక అంటించండి, అయితే తెగిన చర్మం మీద మాత్రం అది నిప్పులా మండుతుంది, అక్కడ వద్దు.

క్లాసు అయ్యాక టేప్‌ని ఒక్క లాగుడు లాగేయకండి. గోరువెచ్చటి నీళ్ళల్లో నానబెట్టి లేదా అంచుల్లో కొబ్బరినూనె రాసి, వెనక్కి మడుస్తూ చర్మానికి దగ్గరగా మెల్లగా తీయండి.

మంట మొదలైతే అక్కడే ఆగండి

బొబ్బకి ముందు ఆ చోటు వేడిగా, మంటగా అనిపిస్తుంది, చూస్తే ఎర్రగా ఉంటుంది. ఆ దశలో ఆగితే బొబ్బ రాకపోవచ్చు, ఇంకో ఇరవై తన్నులు కొడితే వచ్చేస్తుంది. మాస్టర్‌తో చెప్పి పక్కకి రండి, కాలు తుడుచుకుని ఆరనిచ్చి టేప్ వేసుకోండి, ఆ రోజుకి తిరిగే పని వదిలేయండి. మాస్టర్లకి నా విన్నపం ఏంటంటే, కాలు మండుతోందని పిల్లాడు చెప్తే ఓర్చుకో అని పంపించకండి, ఓర్పు నేర్పడానికి వేరే మార్గాలు బోలెడు ఉన్నాయి, పచ్చి కాలితో ఆ పిల్లాడు వారం పాటు క్లాసుకే రాలేడు.

బొబ్బ వచ్చేసింది, ఇప్పుడు

చిన్నది, నొప్పి పెద్దగా లేదు అంటే గుచ్చకండి. సబ్బు నీళ్ళతో కడిగి, తడి అద్ది, అంటుకోని గాజు (గాయాలకి వాడే పల్చటి కట్టు గుడ్డ) పెట్టి వదులుగా కట్టు కట్టండి. చుట్టూ మందపాటి ఫెల్ట్ ముక్కని మధ్యలో రంధ్రం చేసి అంటిస్తే నడిచేటప్పుడు బరువు బొబ్బ మీద పడదు. లోపలి నీరు కొన్ని రోజుల్లో దానంతటదే ఇంకిపోతుంది, కింద కొత్త చర్మం తయారవుతూ ఉంటుంది, సుమారు ఐదు రోజులకి కొత్త పైపొర ఏర్పడుతుంది. ఈలోగా ఆ పైతోలుకంటే మంచి కట్టు ఏ మెడికల్ షాపులోనూ దొరకదు.

పెద్దది, బిగుసుకుపోయి అడుగు వేయనివ్వట్లేదు అంటే నీరు తీయొచ్చు. చేతులు కడుక్కోండి, బొబ్బని బెటాడిన్ లేదా స్పిరిట్‌తో శుభ్రం చేయండి. మెడికల్ షాపులో సీల్ తీయని ఇంజెక్షన్ సూది కొన్ని రూపాయలకే వస్తుంది, అది వాడండి. మామూలు సూది తప్ప గతి లేకపోతే స్పిరిట్‌తో బాగా తుడవండి, అగ్గిపుల్లతో కాల్చితే మసి లోపలికి పోతుంది. బొబ్బ మధ్యలో కాకుండా అంచు దగ్గర, రెండు మూడు చోట్ల చిన్నగా గుచ్చి గాజుతో మెల్లగా నొక్కి నీరు బయటికి రానివ్వండి. తోలు కత్తిరించొద్దు, కిందికి పరుచుకోనివ్వండి. పైన పెట్రోలియం జెల్లీ రాసి, అంటుకోని గాజు వేసి కట్టు కట్టండి. మళ్ళీ నిండితే మర్నాడు ఇంకోసారి చేయొచ్చు. కట్టు రోజూ మార్చాలి, తడిసినా మురికైనా అప్పుడే మార్చాలి.

లోపల రక్తం ఉన్న బొబ్బని మాత్రం గుచ్చకండి, దాని లోతు ఎక్కువ, వదిలేసి బరువు పడకుండా చూసుకోండి.

షుగర్ ఉన్నవాళ్ళు, కాళ్ళల్లో స్పర్శ తగ్గినవాళ్ళు, రక్తప్రసరణ సమస్య ఉన్నవాళ్ళు ఇవేవీ ఇంట్లో చేసుకోవద్దు. చిన్న బొబ్బ అయినా డాక్టర్ దగ్గరికే. మన ఇళ్ళల్లో నలభై దాటాక కరాటే మొదలుపెట్టే నాన్నలు, బాబాయిలు ఉన్నారు, వాళ్ళకి షుగర్ ఉందో లేదో ముందు చూపించుకోమనండి.

తోలు ఊడిపోతే

క్లాసు మధ్యలో చిట్లి తోలు వేలాడుతుంటే వెంటనే ఆపి కుళాయి నీళ్ళు, సబ్బుతో ఇసుక, మురికి మొత్తం పోయేలా కడగండి. తోలు ఇంకా శుభ్రంగా, చాలావరకు అంటుకునే ఉంటే మళ్ళీ పరిచేసి కట్టు కట్టండి. మురికిగా, చిరిగి వేలాడుతున్న భాగం మాత్రమే స్పిరిట్‌తో తుడిచిన చిన్న కత్తెరతో కత్తిరించండి. గోళ్ళతో పీకితే బాగున్న చర్మం కూడా లేచి వచ్చేస్తుంది.

పచ్చి గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ పోయొద్దు, అవి కొత్తగా పుడుతున్న కణాలని కూడా చంపేస్తాయి. పసుపు, కాఫీ పొడి, టూత్‌పేస్ట్ కూడా వద్దు, ఇంట్లో ప్రేమతోనే పెడతారు గానీ డబ్బాలోని పొడి శుభ్రమైనది కాదు, గాయంలో ఇరుక్కుపోయి కడిగేటప్పుడు మళ్ళీ గాయం రేగుతుంది. పెట్రోలియం జెల్లీ, గాజు చాలు. హైడ్రోకొల్లాయిడ్ ప్యాచ్ (గాయాన్ని తడిగా ఉంచే, జెల్ లాంటి అంటుడు పట్టీ) దొరికితే ఇంకా మంచిది, అంచులు లేచేదాకా రెండు మూడు రోజులు అలాగే ఉంచొచ్చు, అయితే చీము ఉన్న గాయం మీద వాడకూడదు. గాయాన్ని గాలికి ఆరబెట్టాలి అనేది పాత నమ్మకం, తడి నిలిచి ఉంటేనే చర్మం త్వరగా కప్పుకుంటుంది.

గ్రౌండ్‌లో మట్టి పడ్డ గాయం అయి, ఆఖరి టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని ఐదేళ్ళు దాటి ఉంటే డాక్టర్‌ని అడగండి.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

చుట్టూ ఎరుపు రోజురోజుకీ పాకడం, వేడి, వాపు, నొప్పి తగ్గకుండా పెరగడం, చీము, చెడు వాసన, కాలి మీదుగా పైకి ఎర్రటి గీత, గజ్జల్లో బిళ్ళ కట్టడం, జ్వరం. వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టర్‌కి చూపించండి. ఎర్ర గీత, జ్వరం కలిసి వస్తే రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళాలి. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ రెండు రోజులు మింగి ఆపేయడం ఇక్కడ పనికిరాదు.

మళ్ళీ మ్యాట్ ఎక్కడం

వేలితో గట్టిగా నొక్కితే నొప్పి లేకపోవడం, తడి ఊరకపోవడం, కింద చర్మం గులాబీ రంగులో ఆరిపోయి ఉండటం, ఈ మూడూ ఉంటే టేప్‌తో మొదలుపెట్టొచ్చు. అంతదాకా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. కీబా దాచిలో (కాళ్ళు ఎడంగా పెట్టి మోకాళ్ళు వంచి నిలబడే భంగిమ) నిలబడి పంచ్‌లు, కటాలో (వరసగా చేసే కదలికల పాఠం) చేతుల కదలికలు, పుషప్స్, పొట్ట వ్యాయామాలు, గోడ పట్టుకుని మోకాలు పైకెత్తే డ్రిల్స్ చేయొచ్చు. మాస్టర్ ఒప్పుకుంటే పల్చటి అడుగు ఉన్న ట్రైనింగ్ షూస్ కొన్నాళ్ళు వాడొచ్చు, టైక్వాండోకి ప్రత్యేకంగా దొరుకుతాయి. మొదటి క్లాసులో తిరిగే తన్నులు ఒక్కో కాలికి పదికి మించొద్దు, మర్నాడు కాలు చూసుకుని పెంచండి.

పచ్చి గాయంతో అందరూ తిరిగే మ్యాట్ మీదకి ఒట్టికాలితో వెళ్ళకండి, తామర, పులిపిర్లు, చర్మపు ఇన్ఫెక్షన్లు మ్యాట్ మీద నుంచే ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. మ్యాట్ మీద రక్తం పడితే గ్లవ్స్ వేసుకుని ముందు టిష్యూతో తుడిచి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పోసి, 10 నిమిషాలు ఉంచి తుడవాలి, పూర్తిగా ఆరాకే మళ్ళీ పిల్లల్ని ఎక్కించాలి. క్లాసు దగ్గర ఒక చిన్న డబ్బాలో గాజు, పేపర్ టేప్, సాగే పట్టీ, బెటాడిన్, పెట్రోలియం జెల్లీ, సీల్ ఉన్న సూదులు, గ్లవ్స్, గుండ్రటి మొన ఉన్న కత్తెర పెట్టి ఉంచండి, అది ఎక్కడుందో క్లాసులో పిల్లలందరికీ తెలియాలి.